ఒక శుభలేఖకు ఎంత ఖర్చవుతుంది?
జాబ్ కాస్టింగ్, కార్యకలాప ఆధారిత కాస్టింగ్ – ప్రాథమిక పాఠం



ఈ రోజు మనం ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. ఒక శుభలేఖ అచ్చు వేయడానికి ఎంత ఖర్చవుతుంది? వినడానికి ఇది చిన్న తరగతి లెక్కలాగే ఉంది. కార్డు ధర, ఇంకు ఖర్చు, పనివాడి కూలి కలిపితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కాని ఈ ప్రశ్నకు తప్పు జవాబు రాసుకుని, లాభం వచ్చే పనిని వదులుకుని, నష్టం వచ్చే పనిని పెంచుకున్న వ్యాపారాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ళు కూడికలు, భాగహారాలు తప్పు చేయలేదు. దేన్ని దేనితో భాగించాలో అక్కడే పొరబడ్డారు.

నేను భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. నాకు కాస్ట్ అకౌంటింగ్‌తో ఏం పని అని మీకు అనుమానం రావచ్చు. ప్రయోగశాలలో మేము మొదటి రోజున నేర్పే సంగతి ఒకటుంది. కొలిచే సాధనం సరైనది కాకపోతే, ఎంత జాగ్రత్తగా కొలిచినా ఫలితం తప్పే. వ్యాపారంలో ఖర్చును లెక్కగట్టడం కూడా ఒక కొలతే. అందుకే ఈ పాఠం నాకు పరాయిదిగా అనిపించదు.

ఈ విషయం నా దృష్టికి వచ్చిన సందర్భం చెబుతాను. నా దగ్గర చదువుకున్న ఒక కుర్రవాడు మా ఊళ్ళో ఆఫ్‌సెట్ ప్రెస్సు నడుపుతున్నాడు. ఒకరోజు సాయంత్రం ఇంటికి వచ్చి, "మాస్టారూ, స్కూళ్ళ వర్క్‌బుక్కుల పని మానేద్దామనుకుంటున్నానండీ. పుస్తకానికి రూపాయి చొప్పున చేతి డబ్బు పడుతోంది. శుభలేఖల్లో బాగానే మిగులుతోంది. ఇకమీదట అవే చేస్తాను" అన్నాడు. "మరి నీ దగ్గర పనిచేసే ఆరుగురి సంగతేమిటి?" అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. "నలుగురిని మానిపించాలండీ" అన్నాడు. ఆ నలుగురిలో ఇద్దరు వాళ్ళ నాన్న కాలం నుంచి ఉన్నవాళ్ళు.

"సరే, మానేద్దువుగాని. ముందు నీ లెక్క చూపించు" అన్నాను. ఆ లెక్కనే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. మీకు తేలికగా ఉండటానికి అంకెలను గుండ్రంగా మార్చాను. పెన్ను, కాగితం దగ్గర పెట్టుకోండి.

ప్రత్యక్ష వ్యయం, పరోక్ష వ్యయం

ఏ వస్తువుకైనా అయ్యే ఖర్చును రెండు భాగాలుగా విడదీయవచ్చు. ఇది ఫలానా పనికే అయింది అని వేలు పెట్టి చూపించగలిగిన ఖర్చు ప్రత్యక్ష వ్యయం. శుభలేఖల కోసం కొన్న ఖాళీ కార్డులు, కవర్లు ప్రత్యక్ష సామగ్రి. వాటి మీద పనిచేసిన మనిషికి ఆ గంటలకు ఇచ్చిన కూలి ప్రత్యక్ష శ్రమ.

ఇక ప్రెస్సు అద్దె సంగతి చూడండి. అది ఏ శుభలేఖకు అయిన ఖర్చు? చెప్పలేం. మెషిను అరుగుదల, కరెంటు బిల్లు, కంప్యూటరు మీద డిజైను చేసే ఆపరేటరు జీతం, ప్లేట్లు తయారుచేసి బిగించే మనిషి జీతం, ఆర్డర్లు రాసుకుని బిల్లులు వసూలు చేసే గుమాస్తా జీతం కూడా ఇలాంటివే. ఇవన్నీ అన్ని పనులకూ ఉమ్మడిగా అయ్యే ఖర్చులు. వీటిని పరోక్ష వ్యయాలు అంటారు. వాడుకలో ఓవర్‌హెడ్స్ అంటారు.

ప్రత్యక్ష వ్యయాలతో పెద్ద చిక్కు లేదు. చిక్కంతా ఓవర్‌హెడ్స్‌తోనే. వాటిని ఏ పని మీద ఎంత వేయాలన్నదే ఈ పాఠంలో అసలు విషయం.

జాబ్ కాస్టింగ్ అంటే ఏమిటి?

సిమెంటు ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి బస్తా పక్క బస్తాలాంటిదే. చక్కెర మిల్లులోనూ అంతే. అలాంటి చోట ఒక నెలలో ప్రతి దశలో అయిన ఖర్చును ఆ నెల ఉత్పత్తితో భాగిస్తే సరిపోతుంది. దాన్ని ప్రాసెస్ కాస్టింగ్ అంటారు.

కాని విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో ఒక ఓడ కట్టినప్పుడు ఆ పద్ధతి పనికిరాదు. ఒక ఓడ మరో ఓడలా ఉండదు. కొనేవాడు వేరు, కొలతలు వేరు, సామాను వేరు. అక్కడ ఒక్కొక్క ఓడకు విడివిడిగా లెక్క రాయాలి. ప్రెస్సు, దర్జీ దుకాణం, కారు మరమ్మతు షెడ్డు, ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు అందరిదీ ఇదే దారి. ప్రతి ఆర్డరూ ఒక జాబ్. ప్రతి జాబ్‌కు ఒక నంబరు, ఒక కాస్ట్ షీటు ఉంటాయి. స్టోర్సు నుంచి సామాను ఇచ్చేటప్పుడు ఆ నంబరు వేసి చీటీ రాస్తారు. పనివాళ్ళు ఏ జాబ్ మీద ఎన్ని గంటలు పనిచేశారో టైము కార్డులో నమోదవుతుంది. ఇలా సామగ్రి, శ్రమ నేరుగా కాస్ట్ షీటు మీదకు చేరతాయి.

మరి ఓవర్‌హెడ్స్? సంవత్సరాంతం దాకా ఆగి, మొత్తం ఎంతయిందో చూసి పంచుదామంటే ధర ఇవాళే చెప్పాలి కదా. పెళ్ళివారు మార్చి దాకా ఆగరు. అందుకని సంవత్సరం మొదట్లోనే అంచనా వేసి ఒక రేటు నిర్ణయించుకుంటారు. దీన్ని ముందే నిర్ణయించిన ఓవర్‌హెడ్ రేటు అంటారు. సూత్రం సులువే. ఏడాదికి అంచనా వేసిన ఓవర్‌హెడ్‌ను, ఏడాదికి అంచనా వేసిన ప్రాతిపదికతో భాగించాలి. ప్రాతిపదిక అంటే పనిగంటలు కావచ్చు, మెషిను గంటలు కావచ్చు, కూలి మొత్తం కావచ్చు.

మా కుర్రవాడి ప్రెస్సులో ఏడాది ఓవర్‌హెడ్ 24,00,000 రూపాయలు. ఆరుగురు పనివాళ్ళు, ఒక్కొక్కరికి ఏడాదికి 2,000 గంటల చొప్పున మొత్తం 12,000 పనిగంటలు. భాగిస్తే గంటకు 200 రూపాయలు. గంట కూలి 100 రూపాయలు.

ఇప్పుడు రెండు కాస్ట్ షీట్లు రాద్దాం.

మొదటిది: 5,000 వర్క్‌బుక్కుల ఆర్డరు. కాగితం, అట్ట, ఇంకు కలిపి సామగ్రి 82,000. శ్రమ 160 గంటలకు 16,000. ఓవర్‌హెడ్ 160 గంటలకు 200 చొప్పున 32,000. మొత్తం 1,30,000. అంటే పుస్తకానికి 26 రూపాయలు.

రెండోది: 250 శుభలేఖల ఆర్డరు. సామగ్రి 3,000. శ్రమ 10 గంటలకు 1,000. ఓవర్‌హెడ్ 10 గంటలకు 2,000. మొత్తం 6,000. అంటే కార్డుకు 24 రూపాయలు.

స్కూళ్ళవాళ్ళు పుస్తకానికి 25 రూపాయలకు మించి ఇవ్వడం లేదు. పక్క ఊరి ప్రెస్సు ఆ ధరకు వేసి ఇస్తానంటోంది. కాబట్టి ఒక్కొక్క ఆర్డరు మీద 5,000 రూపాయల నష్టం. శుభలేఖలు కార్డుకు 28 రూపాయల చొప్పున 7,000 రూపాయలకు పోతున్నాయి. ఆర్డరుకు 1,000 రూపాయల లాభం. కాగితం మీద మా వాడి నిర్ణయం సరైనదే!

ఇక్కడ ఇంకొక చిన్న సంగతి కూడా తెలుసుకోండి. అంచనా అన్నది అంచనాయే. ఏడాది చివర్లో అసలు ఓవర్‌హెడ్ 24,20,000 అయిందనీ, అసలు పనిగంటలు 11,500 మాత్రమే అనీ తేలిందనుకుందాం. మనం గంటకు 200 చొప్పున జాబ్‌ల మీద వేసింది 23,00,000. తేడా 1,20,000. ఇంత ఓవర్‌హెడ్ తక్కువగా వేశామన్నమాట. దీన్ని తక్కువ విధింపు అంటారు. ఎక్కువ వేసి ఉంటే ఎక్కువ విధింపు. తేడా చిన్నదైతే ఆ ఏడాది అమ్మిన వస్తువుల వ్యయంలో సరిచేస్తారు. పెద్దదైతే అమ్ముడైనవాటికీ, మిగిలిన సరుకుకూ, సగంలో ఉన్న పనులకూ దామాషాగా పంచుతారు. పరీక్షల్లో దీని మీద ప్రశ్న తరచుగా వస్తుంది, గుర్తుంచుకోండి.

ఒకే మీటరు, మూడు వాటాలు

ఇప్పుడు ప్రెస్సును కాసేపు పక్కనబెట్టి ఒక ఇంటికి వెళదాం. మూడు వాటాల ఇల్లు, కరెంటు మీటరు మాత్రం ఒకటే. నెలకు బిల్లు 6,000 వచ్చింది. ఎలా పంచాలి? మనుషుల లెక్కన పంచుదామన్నాడు ఇంటి యజమాని. ముందు వాటాలో ముసలి దంపతులు, పెళ్ళి కాని కూతురు, ఇద్దరు మనవలు, మొత్తం అయిదుగురు. ఫ్యాన్లు, బల్బులు తప్ప ఏమీ లేవు. మేడ మీద వాటాలో ఒక్కడే ఉద్యోగి. రాత్రంతా ఏసీ నడుస్తుంది. వెనక వాటాలో నలుగురు. మనుషుల లెక్కన తలకు 600 చొప్పున ముందు వాటాకు 3,000 పడింది, ఏసీ ఉన్న ఉద్యోగికి 600 పడింది.

ఇక్కడ భాగహారం తప్పు కాదు. మొత్తం బిల్లు కట్టడమూ అయిపోయింది. కాని కరెంటు కాలడానికి కారణం మనుషుల సంఖ్య కాదు, వాడిన సామాను, అది నడిచిన గంటలు. కారణం కానిదాన్ని ప్రాతిపదికగా తీసుకున్నాం కనుక ఒకరి ఖర్చు మరొకరి నెత్తిన పడింది. ఏసీ నడిపేవాడికి కరెంటు చవకగా ఉందనిపిస్తుంది, ఇంకాస్త ఎక్కువసేపు నడుపుతాడు. ముందు వాటావాళ్ళు ఇల్లు ఖాళీ చేస్తారు.

ప్రెస్సులో జరిగింది సరిగ్గా ఇదే. వర్క్‌బుక్కుల పనిలో గంటలు ఎందుకు ఎక్కువ? కాగితాలు మడత పెట్టాలి, కుట్టాలి, అట్ట అతికించాలి, అంచులు కత్తిరించాలి. అంతా చేతిపని. ఆ చేతిపని గంటల వల్ల డిజైను ఆపరేటరుకు గాని, ప్లేట్లు బిగించే మనిషికి గాని, గుమాస్తాకు గాని అదనపు పని ఏమీ పడదు. కాని గంటల లెక్కన పంచడం వల్ల వాళ్ళ జీతాల్లో మూడింట రెండు వంతులు వర్క్‌బుక్కుల మీదకే వెళ్ళాయి.

కార్యకలాప ఆధారిత కాస్టింగ్

దీనికి విరుగుడుగా వచ్చిన పద్ధతే కార్యకలాప ఆధారిత కాస్టింగ్. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలతో దీన్ని ఏబీసీ అని పిలుస్తారు. ఇందులోని ఆలోచన ఒకే వాక్యంలో చెప్పవచ్చు. వస్తువులు కార్యకలాపాలను కోరుకుంటాయి, కార్యకలాపాలు ఖర్చును పుట్టిస్తాయి. కాబట్టి ముందు ఖర్చును కార్యకలాపాల మీద వేసి, తర్వాత ఏ జాబ్ ఏ కార్యకలాపాన్ని ఎంత వాడుకుందో ఆ మేరకు దాని మీద వేయాలి. ఒక కార్యకలాపం పెరగడానికి, తగ్గడానికి కారణమైన అంశాన్ని కాస్ట్ డ్రైవర్ అంటారు. ఇంటి మీటరు విషయంలో ప్రతి వాటాకు వేరే మీటరు పెట్టడంలాంటిదే ఇది.

మేమిద్దరం మూడు సాయంత్రాలు కూర్చుని ప్రెస్సులో ఎవరు ఏ పని చేస్తున్నారో రాసుకున్నాం. 24,00,000 రూపాయల ఓవర్‌హెడ్ నాలుగు కార్యకలాపాలుగా విడిపోయింది.

ఒకటి, డిజైను, ప్రూఫులు దిద్దడం: 6,00,000. డ్రైవర్ ప్రూఫుల సంఖ్య. ఏడాదికి 1,000 ప్రూఫులు. ఒక్కొక్కదానికి 600 రూపాయలు.

రెండు, ప్లేట్లు చేయడం, మెషిను మీద బిగించి సరిచూడటం: 7,20,000. డ్రైవర్ బిగింపుల సంఖ్య. ఏడాదికి 1,200 బిగింపులు. ఒక్కొక్కదానికి 600 రూపాయలు.

మూడు, మెషిను నడపడం. అద్దె, అరుగుదల, కరెంటు, మరమ్మతులు ఇందులో చేరాయి: 7,20,000. డ్రైవర్ మెషిను గంటలు. ఏడాదికి 2,400 గంటలు. గంటకు 300 రూపాయలు.

నాలుగు, ఆర్డరు రాసుకోవడం, బిల్లు, వసూలు: 3,60,000. డ్రైవర్ ఆర్డర్ల సంఖ్య. ఏడాదికి వర్క్‌బుక్కులవి 50, శుభలేఖలవి 400, మొత్తం 450. ఒక్కొక్క ఆర్డరుకు 800 రూపాయలు.

ఇప్పుడు రెండు కాస్ట్ షీట్లనూ మళ్ళీ రాద్దాం. సామగ్రి, శ్రమ మారవు. ఓవర్‌హెడ్ మాత్రమే మారుతుంది.

వర్క్‌బుక్కుల ఆర్డరు ఒక్కొక్కదానికి 4 ప్రూఫులు, 8 బిగింపులు, 40 మెషిను గంటలు. కాబట్టి 2,400, 4,800, 12,000, ఆర్డరుకు 800. మొత్తం ఓవర్‌హెడ్ 20,000. పాత లెక్కలో ఇది 32,000. కొత్త మొత్తం వ్యయం 82,000, 16,000, 20,000 కలిపి 1,18,000. పుస్తకానికి 23 రూపాయల 60 పైసలు.

శుభలేఖల ఆర్డరు ఒక్కొక్కదానికి 2 ప్రూఫులు, 2 బిగింపులు, ఒక మెషిను గంట. కాబట్టి 1,200, 1,200, 300, ఆర్డరుకు 800. మొత్తం ఓవర్‌హెడ్ 3,500. పాత లెక్కలో ఇది 2,000. కొత్త మొత్తం వ్యయం 3,000, 1,000, 3,500 కలిపి 7,500. కార్డుకు 30 రూపాయలు.

చూశారా? 25 రూపాయలకు అమ్మిన వర్క్‌బుక్కుల ఆర్డరు మీద 5,000 నష్టం కాదు, 7,000 లాభం. 28 రూపాయలకు అమ్మిన శుభలేఖల ఆర్డరు మీద 1,000 లాభం కాదు, 500 నష్టం.

ఇప్పుడు సరిచూడండి. మంచి విద్యార్థి జవాబు రాగానే సంతోషించడు, సరిచూస్తాడు. పాత లెక్క ప్రకారం 50 వర్క్‌బుక్కుల ఆర్డర్ల మీద నష్టం 2,50,000. 400 శుభలేఖల ఆర్డర్ల మీద లాభం 4,00,000. నికరం 1,50,000 లాభం. కొత్త లెక్క ప్రకారం వర్క్‌బుక్కుల మీద లాభం 3,50,000, శుభలేఖల మీద నష్టం 2,00,000. నికరం 1,50,000 లాభమే! మొత్తం లాభం ఒక్క పైసా మారలేదు. అందుకే ఈ తప్పు ఏళ్ళ తరబడి ఎవరికీ కనిపించదు. లాభనష్టాల ఖాతా సరిగ్గా కుదురుతుంది, ఆడిటరు సంతకం పెడతాడు, పన్ను లెక్కా సరిపోతుంది. లోపల ఎవరి భారం ఎవరు మోస్తున్నారో మాత్రం బయటికి రాదు.

వదిలేసి ఉంటే ఏమయ్యేది?

మా వాడు అనుకున్నట్టే వర్క్‌బుక్కులు మానేశాడనుకుందాం. ఓవర్‌హెడ్ అంతా తగ్గదు. అద్దె ఉంటుంది, మెషిను ఉంటుంది, గుమాస్తా ఉంటాడు. మహా అయితే 6,00,000 తగ్గుతుంది. మిగిలిన 18,00,000 ఇప్పుడు శుభలేఖల 4,000 గంటల మీదే పడాలి. గంటకు 450 రూపాయలు. 10 గంటల ఆర్డరు మీద 4,500. దానికి సామగ్రి, శ్రమ 4,000 కలిపితే వ్యయం 8,500. అమ్మేది 7,000కు. ఒక్కొక్క ఆర్డరు మీద 1,500 నష్టం, 400 ఆర్డర్ల మీద 6,00,000 నష్టం. అప్పుడతను ధర పెంచుతాడు, కొందరు పెళ్ళివారు వేరే ప్రెస్సుకు వెళతారు, మిగిలినవాటి మీద ఓవర్‌హెడ్ ఇంకా పెరుగుతుంది. పుస్తకాల్లో దీన్ని మరణ సుడి అంటారు. చేతిలో నలుగురి ఉద్యోగాలున్న మనిషి ఒక తప్పుడు సగటును నమ్మి ఆ సుడిలోకి దిగబోయాడు.

ఖర్చుకు మెట్లు ఉన్నాయి

ఏబీసీ నేర్పే రెండో పాఠం ఇంకా ముఖ్యమైనది. ఖర్చులన్నీ ఒకే స్థాయిలో పెరగవు. ప్రతి వస్తువుకూ పెరిగేవి కొన్ని, అంటే కాగితం, మెషిను గంటలు. వీటిని యూనిట్ స్థాయి ఖర్చులు అంటారు. ఒక్కొక్క విడతకు ఒక్కసారి అయ్యేవి కొన్ని, అంటే ప్లేట్లు బిగించడం, బిల్లు రాయడం. ఇవి బ్యాచ్ స్థాయి ఖర్చులు. ఒక రకం వస్తువును నిలబెట్టడానికి అయ్యేవి కొన్ని, అంటే కొత్త డిజైను తయారుచేయడం. ఇవి ఉత్పత్తి స్థాయి ఖర్చులు. తలుపులు తెరిచి ఉంచడానికే అయ్యేవి కొన్ని, అంటే అద్దె, ఆస్తి పన్ను. ఇవి సంస్థ స్థాయి ఖర్చులు.

250 శుభలేఖల ఆర్డరులో ఓవర్‌హెడ్ 3,500 అని చూశాం, కార్డుకు 14 రూపాయలు. అదే ఆర్డరు 1,000 కార్డులైతే? ప్రూఫులు అవే రెండు, బిగింపులు అవే రెండు, బిల్లు ఒక్కటే. మెషిను గంటలు మాత్రం నాలుగు. మొత్తం 4,400, కార్డుకు 4 రూపాయల 40 పైసలు. తక్కువ కార్డులు కావాలంటే ప్రెస్సువాళ్ళు ధర ఎందుకు ఎక్కువ చెబుతారో ఇప్పుడు మీకు తెలిసింది. వాళ్ళు మోసం చేయడం లేదు. మీ అక్క పెళ్ళికో అన్న పెళ్ళికో కార్డులు వేయించేటప్పుడు ఈ లెక్క గుర్తుకు తెచ్చుకోండి.

ఈ ఆలోచన ఎక్కడిది?

ఖర్చులన్నీ ఉత్పత్తితోపాటు తగ్గవన్న సంగతి కొత్తది కాదు. ఇంగ్లండులో పింగాణీ సామాను తయారుచేసిన జొసయా వెడ్జ్‌వుడ్ 1772 నాటి ఆర్థిక సంక్షోభంలో అమ్మకాలు పడిపోయినప్పుడు తన ఖర్చులను వస్తువులవారీగా లెక్కగట్టాడు. సరుకు ఎక్కువ చేసినా తక్కువ చేసినా కొన్ని ఖర్చులు మారకుండా నడుస్తూనే ఉంటాయని అప్పుడు గ్రహించాడు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఫ్యాక్టరీల్లో శ్రమ ఖర్చే పెద్దది. అందువల్ల కూలిగంటల లెక్కన ఓవర్‌హెడ్ పంచినా పెద్ద తేడా వచ్చేది కాదు. తర్వాత యంత్రాలు పెరిగాయి, శ్రమ తగ్గింది, వస్తువుల రకాలు పెరిగాయి, ఓవర్‌హెడ్ ఉబ్బిపోయింది. పంచే పద్ధతి మాత్రం పాతదే ఉండిపోయింది. 1987లో థామస్ జాన్సన్, రాబర్ట్ కప్లాన్ కలిసి రాసిన పుస్తకం ఈ లోపాన్ని ఎత్తిచూపింది. 1988లో రాబిన్ కూపర్, కప్లాన్ రాసిన వ్యాసాలతో ఏబీసీ పేరు ప్రచారంలోకి వచ్చింది. అంతకుముందే 1980ల మధ్యలో అమెరికాలో ట్రాక్టర్లు చేసే జాన్ డీర్ కంపెనీ విడిభాగాల విభాగం ఈ చిక్కును ఎదుర్కొంది. బయటి కంపెనీలతో పోటీపడి ధరలు చెప్పినప్పుడు, పెద్ద సంఖ్యలో చేసే భాగాల ఆర్డర్లు పోయాయి, అప్పుడప్పుడు కొద్దిగా చేసే భాగాల ఆర్డర్లు వచ్చాయి. మా ఊరి ప్రెస్సులో జరిగిన కథే అది.

మన దేశంలో ఈ వృత్తికి 1959 నాటి చట్టం ఆధారం. ఆ చట్టం కింద ఉన్న సంస్థకు 2012లో భారత కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ అని పేరు మార్చారు. 2013 కంపెనీల చట్టం 148వ సెక్షను ప్రకారం నిర్దేశించిన కొన్ని పరిశ్రమలు కాస్ట్ రికార్డులు రాయాలి, కొన్ని కాస్ట్ ఆడిట్ కూడా చేయించాలి. ఈ రంగంలోకి వెళ్ళాలనుకునే కామర్సు విద్యార్థులకు ఇది మంచి వృత్తి.

ఏబీసీకీ పరిమితులున్నాయి

ప్రతి కొలతకూ ఒక హద్దు ఉంటుంది. మొదటిది, సమాచారం సేకరించడానికే ఖర్చవుతుంది. వందల కార్యకలాపాలు పెట్టుకుంటే లెక్క రాయడమే మరో ఓవర్‌హెడ్ అవుతుంది. చిన్న వ్యాపారానికి నాలుగైదు చాలు.

రెండోది, అద్దెలాంటి సంస్థ స్థాయి ఖర్చులకు నిజమైన డ్రైవర్ లేదు. మేము అద్దెను మెషిను గంటలతో కలిపింది సౌకర్యం కోసమే.

మూడోది చాలా ముఖ్యం. శుభలేఖల మీద 500 నష్టం అంటే, రేపు వాటిని మానేస్తే ఆర్డరుకు 500 మిగులుతుందని కాదు. ఒక శుభలేఖల ఆర్డరు పోతే 7,000 రాబడి పోతుంది, సామగ్రి, శ్రమ 4,000 తగ్గుతుంది. ఆపరేటరు జీతం, గుమాస్తా జీతం తమంతట తాము తగ్గవు. ఆ మనుషుల సమయాన్ని మరో పనికి వాడితేనో, ఆ ఖర్చును నిజంగా తగ్గిస్తేనో తప్ప ఆదా రాదు. ఏబీసీ ఎక్కడ చూడాలో చెబుతుంది. ఏం చేయాలో మీరే ఆలోచించాలి.

ఈ లోటును కొంత పూరించడానికి కప్లాన్, స్టీవెన్ ఆండర్సన్ 2004లో సమయం ఆధారంగా నడిచే ఏబీసీని సూచించారు. మన గుమాస్తా విభాగాన్నే తీసుకోండి. ఖర్చు 3,60,000. ఏడాదికి వాస్తవంగా పనికివచ్చే సమయం 96,000 నిమిషాలు. నిమిషానికి 3 రూపాయల 75 పైసలు. ఒక ఆర్డరుకు 160 నిమిషాలు పడితే 600 రూపాయలు. 450 ఆర్డర్లకు 72,000 నిమిషాలు, 2,70,000 రూపాయలు. మిగిలిన 24,000 నిమిషాలు, అంటే 90,000 రూపాయలు, వాడని శక్తి. పాత ఏబీసీలో ఈ ఖాళీ సమయం ఖర్చు కూడా ఆర్డర్ల మీదే పడి 800 అయింది. ఈ పద్ధతిలో అది విడిగా కనిపిస్తుంది.

చివరికి ఏం జరిగింది?

మా వాడు వర్క్‌బుక్కులు మానలేదు, 25 రూపాయలకే ఒప్పుకున్నాడు. శుభలేఖలూ మానలేదు. మూడు మార్పులు చేశాడు. మొదటి ప్రూఫు తర్వాత మార్పులు కోరితే విడిగా రుసుము పెట్టాడు. ఒకే సైజు కార్డులు ఇద్దరు ముగ్గురివి కలిపి ఒకే ప్లేటు మీద వేయడం మొదలుపెట్టాడు. దానివల్ల ఒక్కొక్క ఆర్డరుకు సగటున ఒక బిగింపు తగ్గినా 600 తగ్గుతుంది, 7,500 కాస్తా 6,900 అవుతుంది. అలా మిగిలిన మెషిను సమయంలో మరో స్కూలు పని పట్టుకున్నాడు. ఆరుగురూ పనిలోనే ఉన్నారు. "మాస్టారూ, ఇన్నాళ్ళూ స్కూళ్ళవాళ్ళ డబ్బుతో పెళ్ళిళ్ళు చేయించానన్నమాట" అని నవ్వాడు.

మీకు ఒక అభ్యాసం ఇస్తాను. మీ వీధిలోని దర్జీ దుకాణమో, టిఫిను సెంటరో, జిరాక్సు షాపో ఎంచుకోండి. యజమానిని అడిగి, అతని ఉమ్మడి ఖర్చులేవో రాయండి. వాటిని మూడు కార్యకలాపాలుగా విడదీయండి. ఒక్కొక్కదానికి డ్రైవర్ ఏదో ఆలోచించండి. తర్వాత రెండు రకాల పనుల వ్యయం రెండు పద్ధతుల్లోనూ కట్టి, మొత్తం రెండింటిలో సమానంగా వస్తోందో లేదో సరిచూడండి. రాకపోతే ఎక్కడో లెక్క తప్పింది, మళ్ళీ మొదలుపెట్టండి.

సగటు అనేది చూడగానే నమ్మబుద్ధవుతుంది. ఎవరైనా ఒక సగటు చెబితే మీరు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దేన్ని దేనితో భాగించారు, ఆ రెండోది మొదటిదానికి నిజంగా కారణమేనా? ఈ ప్రశ్న భౌతికశాస్త్రంలోనూ పనికొస్తుంది, ప్రెస్సులోనూ పనికొస్తుంది.

వచ్చే పాఠంలో స్థిర వ్యయాలు, చర వ్యయాలు, లాభనష్టాలు లేని బిందువు గురించి తెలుసుకుందాం. అంతవరకు సెలవు.